నడుము దాటిన జుట్టు తెగకుండా నిలవాలంటే: తలంటు నుంచి రాత్రి జడ దాకా

"అక్కా, ఏం రాస్తే జుట్టు పెరుగుతుంది?" వారానికి ఒకరైనా నన్ను ఈ మాట అడుగుతారు. ఆఫీసులో అడుగుతారు, పెళ్లిళ్లలో అడుగుతారు, ఒక్కోసారి లిఫ్టులో పక్కన నిలబడ్డవాళ్లు కూడా అడుగుతారు. వీళ్లలో చాలామందికి జుట్టు పెరుగుతూనే ఉంది. పైన పెరిగినంతా కింద తెగిపోతోంది. అందుకే జడ మూడేళ్లుగా భుజాల కిందే ఆగిపోయింది.

తల వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. నా జుట్టు 80 సెంటీమీటర్లు. అంటే ఇవాళ నా జడ కొసన ఉన్న వెంట్రుక దాదాపు ఆరేళ్ల కిందట తలలోంచి బయటికొచ్చింది. అప్పుడు మా అమ్మాయి ఎల్‌కేజీ, ఇప్పుడు ఐదో తరగతి. వారానికి రెండు తలస్నానాలు వేసుకున్నా ఆ కొస ఆరు వందలు దాటి చూసింది. కుదుళ్ల దగ్గర కొత్త జుట్టును రుద్దినట్టు దాన్నీ రుద్దితే తట్టుకోలేదు. అమ్మమ్మ ఇచ్చిన పట్టుచీరను రోజూ కట్టే చీరలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయం కదా, ఇదీ అంతే.

కాబట్టి ఇక్కడ జుట్టు పెంచే మందు ఏదీ చెప్పడం లేదు. పెరిగిన జుట్టు తెగకుండా ఎలా చూసుకోవాలో చెబుతున్నాను.

కావాల్సినవి

- పళ్లు దూరంగా ఉన్న పెద్ద దువ్వెన. పళ్ల మధ్య ప్లాస్టిక్ అతుకు గీతలు గరుగ్గా ఉంటే వద్దు, వెంట్రుక అక్కడే చీలుతుంది. వేలితో తడిమి చూసి కొనండి.
- మెత్తబడిన పాత కాటన్ తువ్వాళ్లు రెండు. పాత పంచె ముక్క ఉంటే ఇంకా మంచిది.
- కొబ్బరినూనె
- కుంకుడుకాయలు, లేదా మీకు పడే షాంపూ, కండిషనర్
- గుడ్డ చుట్టిన రబ్బరు బ్యాండ్లు. నోట్ల కట్టకు వేసే సన్న రబ్బర్లు అసలు వద్దు.
- టేపు

1. రాలుతోందా, తెగుతోందా తేల్చుకోండి

ఒక తెల్ల గుడ్డ పరిచి దాని మీద తల దువ్వండి. పడ్డ వెంట్రుకలను ఒక్కొక్కటే చూడండి. ఒక చివర చిన్న తెల్ల గుండు ఉంటే అది కుదురుతో సహా రాలిన వెంట్రుక. రోజుకు 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే. గుండు లేకుండా పొట్టి ముక్కలుగా పడితే అవి తెగినవి. ముక్కలు ఎక్కువగా కనిపిస్తే ఈ కింది పద్ధతులన్నీ మీకోసమే.

పొడుగు జుట్టువాళ్లు తలంటిన రోజు చేతికొచ్చిన ఉండ చూసి హడలిపోతారు. నాలుగు రోజులు జడలో ఇరుక్కుని ఉన్నవన్నీ ఆ రోజు ఒకేసారి వస్తాయి. పైగా ఒక్కో వెంట్రుక 80 సెంటీమీటర్లు ఉంటే వంద వెంట్రుకలే గుప్పెడు కనిపిస్తాయి. ఆ ఉండ చూసి టెన్షన్ పడొద్దు.

2. తలంటుకు ముందే చిక్కు తీయండి

తలంటాక తడి జుట్టును దువ్వడం చాలామందికి అలవాటు. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగి తెగుతుంది. కాబట్టి చిక్కంతా పొడి జుట్టు మీదే తీసేయాలి. గిరజాల జుట్టువాళ్లకు మాత్రం ఇది వర్తించదు. వాళ్లు పొడిగా దువ్వితే పీచులా లేస్తుంది. తడి మీద కండిషనర్ రాసి, అది ఉండగానే వేళ్లతో విడదీసుకోవాలి.

చిక్కు ఎక్కువగా పడేది మెడ వెనక, జాకెట్టు అంచో చుడీదార్ కాలరో రాసుకునే చోట. పైకి జుట్టంతా నున్నగా ఉంటుంది. లోపలికి చెయ్యి పోనిస్తే ఉసిరికాయంత ఉండ తగులుతుంది. దాన్ని ఇలా తీయండి.

జుట్టును రెండు భాగాలు చేసి భుజాల మీదుగా ముందుకు తెచ్చుకోండి. చిక్కుకు కాస్త పైన ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోండి, అప్పుడు లాగుడు కుదుళ్ల దాకా పోదు. దువ్వెనను కొసకు నాలుగు వేళ్ల పైన పెట్టి కిందికి దువ్వండి. అది సాఫీగా జారాకే ఇంకో నాలుగు వేళ్లు పైకి జరగండి. ఇలా కింది నుంచి పైకి వెళ్లాలి. నెత్తి మీద దువ్వెన పెట్టి ఒక్క ఊపున కిందికి లాగితే దారిలోని చిన్న చిక్కులన్నీ ఒకచోట చేరి పెద్ద ముడి పడుతుంది.

దువ్వుతుంటే సన్నగా చిటపట వినిపిస్తే అక్కడే ఆగండి. అది వెంట్రుకలు తెగుతున్న చప్పుడు. ఆ ముడి మీద రెండు చుక్కల నూనె వేసి, ఐదు నిమిషాలు వదిలేసి, పిన్నీసు మొనతో ఒక్కో పోగే బయటికి లాగండి. నాకు పావుగంట పట్టిన రోజులున్నాయి. విసుగొచ్చి కత్తెర పెడితే ఆ పాయ మళ్లీ నడుము దాకా రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది.

3. నూనె కొసలకు పట్టించండి

మనం నూనె మాడుకు మర్దన చేసి, చేతికి మిగిలింది కొసలకు తుడుస్తాం. పొడుగు జుట్టుకు దీన్ని తిరగేయండి. ముందు కొసల నుంచి మధ్య దాకా రాయండి, తర్వాతే మాడుకు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కొంత ఇంకుతుంది, కడిగేటప్పుడు వెంట్రుక దెబ్బతినకుండా కాపాడుతుంది. నడుము దాకా ఉన్న జుట్టుకు రెండు మూడు చెంచాలు చాలు. గిన్నెడు పోస్తే అది వదిలించడానికి రెండుసార్లు రుద్దాలి, రాసిన ఫలితం ఆ రుద్దుడులో పోతుంది.

తలంటుకు గంట ముందు రాస్తే సరిపోతుంది. రాత్రంతా ఉంచడం మీ అలవాటైతే ఉంచండి. చుండ్రు ఉన్నవాళ్లు మాడుకు నూనె రాయొద్దు, కొసలకే రాయండి. ఆముదం చిక్కగా ఉంటుంది, వదలదు. రాయాలంటే కొబ్బరినూనెలో పావు వంతు కలపండి.

4. కుంకుడు రసం ముందు రోజే సిద్ధం చేసుకోండి

నడుము దాకా జుట్టుకు 12 నుంచి 15 కాయలు. పగలగొట్టి నల్ల గింజలు తీసేయండి. తొక్కలను లీటరు వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున చేత్తో బాగా పిసికితే నురగ వస్తుంది. మందార ఆకులు నాలుగు కలిపి పిసికితే రసం జిగురుగా వచ్చి జుట్టు మీద జారుతుంది, చిక్కు తక్కువ పడుతుంది.

రసాన్ని పల్చటి గుడ్డలో తప్పకుండా వడకట్టండి. చాయ్ జల్లెడ సరిపోదు. తొక్కల ముక్కలు పొడుగు జుట్టులో ఇరుక్కుంటే ఆరాక దువ్వెనకు అడ్డం పడతాయి. మిగిలిన రసం రెండో రోజుకే పులుస్తుంది, దాచకండి.

రసం కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. రుద్దకుండా చల్లటి నీళ్లతో కడుగుతూనే ఉండండి. పిల్లలకు తలంటేటప్పుడు నుదుటి మీద మడత పెట్టిన తువ్వాలు అడ్డం పెట్టండి.

కుంకుడుకాయలు దొరకని చోట, లేదా టైం లేని రోజు షాంపూ వాడటంలో తప్పేం లేదు. ఒక మగ్గు నీళ్లలో కలిపి పల్చన చేసి మాడుకే పోయండి. ఒంటి సబ్బు మాత్రం తలకు వద్దు. బోరు నీళ్లలో అది తెట్టుకట్టి జుట్టుకు అంటుకుంటుంది.

5. మాడు రుద్దండి, జుట్టును రుద్దకండి

జుట్టంతా నెత్తి మీదికి కుప్పగా పోగేసి, బట్ట ఉతికినట్టు రుద్దుతారు. పొడుగు జుట్టు పాడయ్యే చోట్లలో ఇదే మొదటిది. నిటారుగా నిలబడండి లేదా పీట మీద కూర్చోండి. జుట్టును వీపు మీద వేలాడనివ్వండి. రసం పాపిట్లో పోసుకుంటూ గోళ్లతో కాకుండా వేళ్ల కొసలతో మాడు రుద్దండి. కిందికి జారే నురగే కొసలను శుభ్రం చేస్తుంది, వాటికి విడిగా ఏమీ అక్కర్లేదు.

గోరువెచ్చని నీళ్లు వాడండి. రుద్దినదానికంటే ఎక్కువసేపు కడగండి. నా జుట్టుకు రెండు బకెట్లు పడతాయి. కిందికి జారే నీళ్లలో బుడగ కనిపించనంత వరకూ పోయాలి. షాంపూ వాడితే తర్వాత చెవుల కిందినుంచి కొసల దాకా కండిషనర్ రాసి, రెండు నిమిషాలుంచి కడగండి. మాడుకు రాయొద్దు.

కుళాయి చుట్టూ, బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందా? మీవి ఉప్పు నీళ్లు. ఏం రాసినా జుట్టు గరుగ్గా ఉండటానికి అదొక కారణం. హైదరాబాద్‌లో ఒకే ఇంట్లో చలికాలమంతా కృష్ణా నీళ్లతో బాగున్న జుట్టు ఏప్రిల్‌లో ట్యాంకర్ నీళ్లు మొదలవగానే పీచులా అవుతుంది. బిందెడు మంచినీళ్లు పక్కన పెట్టుకుని చివరి నాలుగు మగ్గులు వాటితో పోసుకోండి. అదీ కుదరకపోతే రెండు లీటర్ల నీళ్లలో అర చెక్క నిమ్మరసం పిండి పోసుకుని, పైన ఇంకో మగ్గు మామూలు నీళ్లు పోయండి.

6. తువ్వాలుతో కొట్టకండి

తలంటుకోగానే ఎండలో నిలబడి, తల వంచి, మెలిపెట్టిన తువ్వాలుతో జుట్టును ఫటఫటా కొట్టడం మన ఇళ్లలో అందరం చూసిందే. మా నాయనమ్మ అలాగే ఆరబెట్టుకునేది, మా అమ్మా అంతే. నేనూ ముప్పై ఏళ్లు అదే చేశాను. ఒకరోజు నల్ల నైటీ బదులు తెల్లది వేసుకుని కొట్టుకుంటే ఒళ్లో పడిన ముక్కలు కనిపించాయి. అంగుళం, రెండంగుళాల పొడవున అన్నీ తెగినవే. ఆ రోజు నుంచి మానేశాను.

దాని బదులు జుట్టును పైనుంచి కిందికి గుప్పిట్లో పట్టి నొక్కుతూ నీళ్లు దించండి. పిండకండి, మెలితిప్పకండి. తువ్వాలు చుట్టి పది పదిహేను నిమిషాలుంచి, అది తడిశాక రెండోది చుట్టండి. బరువైన టర్కీ టవల్‌తో నెత్తి మీద పెద్ద ముడి వేస్తే నుదుటి దగ్గరి జుట్టు మీద భారం పడుతుంది, వద్దు. తర్వాత ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని జుట్టును కుర్చీ వెనక్కి వదిలేయండి. నడుము దాకా ఉన్న ఒత్తు జుట్టు ఆరడానికి రెండు మూడు గంటలు పడుతుంది.

పొద్దున ఆఫీసుకు ఉరకాలి, అంత టైం ఎక్కడిది అంటారు. నిజమే. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ముందు రోజు సాయంత్రం ఏడు లోపు తలస్నానం చేయండి. డ్రయ్యర్ వాడాల్సి వస్తే వేడి బాగా తగ్గించి, జానెడు దూరంలో పట్టుకుని, కుదుళ్ల దగ్గర మాత్రమే ఆరబెట్టండి.

ఆరిందో లేదో ఇలా చూడండి: మెడ వెనక లోపలి పాయ ఒకటి తీసి చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. ఆ తడితోనే జడ వేస్తే సాయంత్రానికి ముక్క వాసన వస్తుంది. వానాకాలంలో అయితే ఆ వాసన రెండు రోజులు వదలదు.

సాంబ్రాణి వేసుకునేవాళ్లు జుట్టు చాలావరకు ఆరాకే వేసుకోండి. నిప్పులకు కొసలు మూరెడు ఎత్తులో ఉండాలి. కిటికీ తీసి ఉంచండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మానేయండి.

7. జడ వదులుగా మొదలుపెట్టండి

మొదటి మెలిక దగ్గరే బిగించి లాగడం వల్ల కణతల దగ్గర, నుదుటి పైన జుట్టు పల్చబడుతుంది. ఏళ్ల తరబడి అలాగే లాగితే అక్కడ జుట్టు తిరిగి రాకపోవచ్చు. స్కూలు పిల్లలకు రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోండి. జడ వేశాక మెడ దగ్గర పాయల కింద చిటికెన వేలు దూరాలి. దూరకపోయినా, నుదుటి చర్మం లాగుతున్నట్టున్నా విప్పి మళ్లీ వేయండి. పాపిడి నెలకోసారి కాస్త పక్కకు మార్చండి.

బ్యాండు రోజూ ఒకేచోట వేస్తే అక్కడే తెగుతుంది. ఒక రోజు కొసకు మూడు వేళ్ల పైన వేస్తే, మర్నాడు ఆరు వేళ్ల పైన వేయండి.

సవరం, పూలజడ బరువంతా కుదుళ్ల మీదే పడుతుంది. పెళ్లికూతురికి తంతు అవగానే తీసేయండి, నిద్రకు పడుకునేదాకా ఉంచకండి. పిన్నులు లెక్కపెట్టి ఒక్కొక్కటే తీయాలి. దారం కోసేటప్పుడు కత్తెర మొన జుట్టు వైపు కాకుండా బయటికి ఉండాలి.

8. పగలు ఎక్కడెక్కడ ఇరుక్కుంటుందో చూసుకోండి

ఆఫీసు బ్యాగు తగిలించుకునేటప్పుడు పట్టీ కింద జడ పడుతుంది. కారు సీటుబెల్టు కింద పడుతుంది. కుర్చీకి ఆనుకుని ముందుకు వంగితే వీపుకీ కుర్చీకీ మధ్య లాగుతుంది. పుస్తెల తాడు కొక్కెం, జుంకాలు, చీర పిన్ను కూడా రోజూ నాలుగు పోగులు తెంపుతాయి. కూర్చునే ముందు జడను భుజం మీదుగా ముందుకు వేసుకోవడం అలవాటు చేసుకోండి, సగం సమస్య తీరుతుంది.

ఇక ఈ మూడు చోట్ల జుట్టు కాదు, ప్రాణమే ముఖ్యం. స్కూటీ వెనక కూర్చుంటే జడను చున్నీతో పాటు ముడి వేసి లోపలికి దోపుకోండి, వేలాడితే చక్రంలో పడుతుంది. పొయ్యి దగ్గర, గ్రైండర్ దగ్గర కొప్పు వేసుకోండి. ఎగ్జిబిషన్లలో తిరిగే యంత్రాలు ఎక్కేముందు జుట్టు మొత్తం ముడి వేసి క్లిప్పు పెట్టండి. ఈ విషయంలో బద్ధకం వద్దు.

హెల్మెట్ పెట్టుకునేవాళ్లు నెత్తి మీద కొప్పు వేయకండి, హెల్మెట్ సరిగా కూర్చోదు. మెడ దగ్గర కిందికి జడ వేసి, లోపల పల్చటి కాటన్ గుడ్డ కట్టుకోండి.

9. రాత్రి

పడుకునే ముందు చిక్కు తీసి వదులుగా ఒక జడ వేసుకోండి. బ్యాండు కూడా వదులుగానే. జడను దిండు మీదుగా పైకి వేసి పడుకుంటే వీపు కింద నలగదు. జుట్టు విరబోసుకుని పడుకుంటే తెల్లారేసరికి మెడ దగ్గర ఆ ఉసిరికాయ ఉండ తయారుగా ఉంటుంది.

10. కొసలు

కత్తిరిస్తే జుట్టు వేగంగా పెరుగుతుందనేది నిజం కాదు. కొస చిట్లితే ఆ చీలిక పైకి పాకుతుంది, దాన్ని ఆపడానికే కత్తిరింపు. మూడు నెలలకు ఒక సెంటీమీటరు చాలు. ఆ మూడు నెలల్లో మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి లాభమే.

పార్లర్‌లో "కొంచెం తీయండి" అని ఎప్పుడూ అనకండి. నేనోసారి అలా అని కళ్లు మూసుకుంటే నాలుగంగుళాలు నేల మీద ఉంది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పుడు టేపు పట్టుకెళ్లి, ఎంత తీయాలో కొస దగ్గర చూపించి, మొదటి పాయ కత్తిరించాక చూసి ఒప్పుకున్నాకే మిగతాది ముట్టుకోనిస్తాను.

ఇంకా తరచూ చేసే పొరపాట్లు

వారానికో కొత్త చిట్కా మార్చడం. ఈ వారం ఉల్లిరసం, వచ్చే వారం మెంతిపిండి, ఆపై వారం గుడ్డు. ఒక్కోటి కడగడానికి పడే రుద్దుడుతోనే కొసలు పాడవుతాయి.

పేలకు కిరోసిన్ లేదా పురుగుల మందు రాయడం. ఇది ప్రమాదం, చేయనే చేయొద్దు. మందుల షాపులో పేల మందు దొరుకుతుంది. రాసి, ఈపులు పిగిలే వారం పది రోజులకు మళ్లీ రాయాలి. మధ్యలో తడి జుట్టుకు కండిషనర్ పట్టించి మూడు రోజులకోసారి పేల దువ్వెనతో పాయపాయగా దువ్వండి. ఇంట్లో అందరికీ ఒకేసారి చేయకపోతే మళ్లీ వస్తాయి.

ఎవరినీ అడక్కుండా బయోటిన్ బిళ్లలు మింగడం. ఇప్పటికే వాడుతుంటే థైరాయిడ్ వంటి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ఆ సంగతి తప్పక చెప్పండి, ఫలితం తప్పుగా రావచ్చు.

ఫలితం ఎలా చూసుకోవాలి

అద్దంలో చూసుకుంటే రోజూ ఒకేలా కనిపిస్తుంది. మూడు నెలలకోసారి కొలవండి. టేపు ఒక కొన నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట పెట్టి, నడినెత్తి మీదుగా వీపు వెనక కొస దాకా. ప్రతిసారీ అక్కడి నుంచే కొలవాలి. కత్తిరించింది కలిపి రెండున్నర, మూడు సెంటీమీటర్లు పెరిగి ఉంటే మీ జుట్టు నిలుస్తోంది. ఒక సెంటీమీటరే ఉంటే ఎక్కడో తెగుతోంది. మళ్లీ తెల్ల గుడ్డ పరిచి చూడండి.

రెండో కొలత జడ లావు. మెడ దగ్గర దారం చుట్టి ఒకసారి, కొసకు జానెడు పైన ఒకసారి కొలవండి. కొస వైపు మాత్రమే సన్నబడుతుంటే అది తెగడం. మెడ దగ్గర కూడా తగ్గుతుంటే కుదుళ్ల నుంచి రాలుతోందన్నమాట. దానికి నూనెలు పనిచేయవు. కాన్పు తర్వాత మూడో నెలలో, టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు అలా గుప్పెళ్లుగా రాలుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, నాణెం అంత ఖాళీలు కనిపించినా చర్మ డాక్టర్‌ దగ్గరకు వెళ్లండి. రక్తం తక్కువగా ఉందేమో, థైరాయిడ్ ఉందేమో వాళ్లు పరీక్ష చేయిస్తారు.

ఊడిన జుట్టు బాత్రూం జాలీలో వదలకండి. తడిగా ఉండగానే వేలికి చుట్టి తీసేస్తే తేలిగ్గా వస్తుంది, లోపలికి పోతే ప్లంబర్‌ని పిలవాల్సిందే. మా వీధిలోకి ఇప్పటికీ నెలకోసారి సవరాలు కట్టే ఆమె వస్తుంది. పొడుగు వెంట్రుకలు చిక్కు లేకుండా చుట్టి కవర్లో దాచిపెడితే స్టీలు గిన్నె ఇచ్చి తీసుకెళ్తుంది.